లోపలి గడియ

మరిపెడ దగ్గరి తండా,
22 సెప్టెంబర్ 2024

టీచరమ్మకు మీ భాగ్య దండం పెట్టి రాస్తున్నది.

మొన్న ఫోన్ల నేను "పీజీల సీటొచ్చింది" అంటే మీరు "ఏ పేజీ బిడ్డా?" అన్నరు. మా అమ్మ, మా యాడి, పక్కన నిలబడి విన్నది, నవ్వు ఆపుకోలేక చెంగు నోట్ల కుక్కుకున్నది. మీ చెవులకు ఇగ ఫోను కాదని ఉత్తరం పట్టుకున్న. మానుకోట హాస్టల్ల మీరు వార్డెనుగ ఉన్నన్ని రోజులు ప్రతి ఆదివారం మమ్మల్ని కూసోబెట్టి ఇంటికి ఉత్తరాలు రాయించేటోళ్లు. మా ఇంట్ల చదివేటోళ్లే లేరని నేనంటే, "లేకున్నా రాయాలె, రాస్తే నీ మనసుల ఏమున్నదో నీకన్న తెలుస్తది" అన్నరు. మీరు రిటైరై భూపాలపల్లికి పోయినా నాకు ఆ అలవాటు పోలే.

హైదరాబాద్ల ఎమ్మెస్సీ బోటనీ సీటొచ్చింది టీచరమ్మా. మా తండాల ఆడపిల్ల గంత దూరం చదువుడు ఇదే మొదలు. కాని యూనివర్సిటీ హాస్టల్ల జాగ లేదట. రెండో విడతల సీటొచ్చినోళ్లు అందాక బయట ఉండాలె, ఖాళీ అయితే పిలుస్తమన్నరు.

బాపు, నేను పోయిన వారం పోయి రెండు రోజులు తిరిగినం. ఒక హాస్టల్ల ఒక్క హాలుకు పద్నాలుగు మంచాలు. ఇంకోదాంట్ల కింది అంతస్తు మొగపిల్లలది, పైది ఆడపిల్లలది, మెట్లు మాత్రం ఒక్కటే. మూడోది ఎవరిదో ఇల్లు, మీద రూము మంచిగుండె. ఓనరమ్మ బాపు తలపాగ దిక్కు చూసి "మీరేం కులపోళ్లు?" అన్నది. "లంబాడోళ్లం" అన్నడు బాపు. దాచుకునే మనిషి కాదు కద. "అయ్యో, పొద్దుగాలనే ఎవరో మాట్లాడుకొని పోయిండ్రు" అన్నది. మేం బయటికొచ్చేదాక గేటుకు టులెట్ బోర్డు వేలాడుతనే ఉన్నది.

ఇంటికొచ్చినంక బాపుది ఒక్కటే మాట. "సీటు ఇడిసిపెట్టు. డిగ్రీ అయింది, చాలు." నేను మూడు దినాలు సక్కగ తినలే. ఆఖరుకు అన్నడు, "టీచరమ్మ ఫలాన జాగల ఉంచు చత్రూ అని నన్ను పేరు పెట్టి చెప్తే ఉంచుత. ఇంకెవలు చెప్పినా పంప."

అంతా మీ మాట మీద ఉన్నది. మీకెవరన్న ఎరుకుంటే జర చెప్పండి టీచరమ్మా.

మీ బిడ్డ
భాగ్య

*

భూపాలపల్లి,
29 సెప్టెంబర్ 2024

చిరంజీవి భాగ్యకు ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. ఆగక మా వాడకట్టు ఆడోళ్లకు సుత చదివి వినిపించిన. "నా హాస్టల్ పిల్ల" అని గొప్పగ చెప్పుకున్న. ఆ ఓనరమ్మ సంగతి మనసుల పెట్టుకోకు. ఇల్లున్నోళ్లందరికి బుద్ధి ఉండాలని ఏం లేదు.

మా చెల్లె సరోజన నీకు ఎరుకే. చెల్పూర్ కెల్లి వచ్చి మన హాస్టల్ల మీకు సకినాలు చేసిపెట్టేది. దాని కొడుకు అరుణ్ పట్నంల ఆడపిల్లల హాస్టల్ నడుపుతుండు, నాలుగేండ్లాయె. ముప్పై మంది దాక ఉంటరు. నీ కాలేజీకి ఒక్కటే బస్సు. వాణ్ని చిన్నప్పుడు నేనే సాదిన. సరోజనకు పానం బాగలేక మూడేండ్లు నా దగ్గర్నే ఉన్నడు. పిల్లలు లేనిదాన్ని, రేపు నా తలకింద చెయ్యి పెట్టేది సుత వాడే.

నీ గురించి వానికి చెప్పిన. మీ బాపుకు నా మాటగ చెప్పు, టీచరమ్మ ఇంట్ల ఉన్నట్టే ఉంటదని.

ఇంకొక్క మాట. అక్కడ చిన్నదో పెద్దదో ఏ ఇబ్బందైనా మొదలు నాకే రాయి. ఇంటికి చెప్పకు. మీ బాపు పరేషాన్ అయితే తీసుకపోతడు, నీ చదువు గంగల కలుస్తది. నువ్వు నోరున్న పిల్లవు, ఏదీ కడుపుల దాచుకోవు. దాచుకోకు. కాని నాకే రాయి.

శశికళ

*

హైదరాబాద్,
20 అక్టోబర్ 2024

టీచరమ్మా,

మీ పేరు చెప్పంగనే బాపు మారు మాట్లాడలే. నా పెట్టె తానే నెత్తిన పెట్టుకొని మూడో అంతస్తు దాక మోసిండు. అరుణన్నకు చేతులు జోడిస్తే ఆయన "వద్దు పెద్దాయనా, మా పెద్దమ్మ పంపిన పిల్ల అంటే నా చెల్లె లెక్క" అన్నడు, ఛాయ్ తాపిండు. బాపు నవ్వుకుంట బస్సెక్కిండు.

నా రూమ్మేటు పేరు శ్రేయ. కరీంనగర్ దిక్కు పిల్ల. బ్యాంకు పరీక్షలకు చదువుతది, ఎక్కువ మాట్లాడది. వంటామె సోమక్క, నేను తండా పిల్లనని తెలిసి నా కోసం ఒక జొన్నరొట్టె ఎక్కువ కాలుస్తది.

కాలేజీల మొదటి వారమే మైక్రోస్కోపు కింద ఉల్లిగడ్డ పొర చూపెట్టిండ్రు. డిగ్రీ కాలేజీల మైక్రోస్కోపు పని చెయ్యకపోయేది, మనం బడిల బోర్డు మీద చూసి గీసుకుంటిమి కద, ఆ గళ్లు. అవి నిజంగనే ఉన్నయ్ టీచరమ్మా! వెనుక పిల్లలు లైన్ల ఉన్నరని మరిచి చూసుకుంట నిలబడ్డ.

ఒక్కటి మాత్రం అడగాలె. కొత్త జాగకు పోతే అన్నం ఎట్లున్నదని కాదు, లోపలి గడియ పడుతదా లేదా చూడమని మీరే నేర్పినరు. మా రూముకు లోపలి గడియ లేదు. ఉండేదట, పీకేసిండ్రు. చెక్కకు నాలుగు మొలల బొక్కలు అట్లనే ఉన్నయ్. స్నానాల రూములకు సుత అంతే. చున్నీతోని కట్టుకుంటున్నం. అరుణన్నను అడిగితే, "ఎవరో పిల్ల పరీక్ష పోయిందని లోపల గడియ పెట్టుకొని తియ్యలే, తలుపు పగలగొట్టాల్సొచ్చింది. అప్పటిసంది తీసేయించిన, మీ మంచికే" అన్నడు. మా రూము తాళంచెవి మా దగ్గరొకటి, ఆయన దగ్గరొకటి ఉంటది.

మీరొక్క మాట అంటే పెట్టిస్తడు కద.

మీ బిడ్డ
భాగ్య

*

భూపాలపల్లి,
2 నవంబర్ 2024

చిరంజీవి భాగ్యకు,

ఉల్లిగడ్డ పొర ముచ్చట చదివి సంతోషపడ్డ.

నాకు ఈ నెల ఏం బాగలేదు. చెవుల కోసమని హన్మకొండ దవాఖానకు పోయొచ్చిన. మిషన్ పెట్టుకొమ్మన్నరు. పెట్టుకుంటే గాలి సుత మోత చేస్తది, తీసి డబ్బల పెట్టిన. ఇక్కడ గనుల దుమ్ముకు బట్టలు బయట ఆరేసే గతి లేదు.

గడియ సంగతి అరుణ్ కు చెప్త. పని ఒత్తిడిల మరిచి ఉంటడు. అందాక తలుపుకు కుర్చీ అడ్డం పెట్టుకొండి. పట్నంల ప్రతిదానికి పరేషాన్ అయితే నిలబడలేం బిడ్డా.

శ్రేయ ఏమంటది? తక్కిన పిల్లలు ఏమంటరు? నీతోని ఎవరన్న ఏమన్న చెప్పిండ్రా? అది రాయి.

శశికళ

*

హైదరాబాద్,
9 డిసెంబర్ 2024

టీచరమ్మా,

మెట్ల మీద కూసొని ఒళ్లె పెట్టుకొని రాస్తున్న, రాత బాగ లేకుంటే ఏమనుకోకండి.

మీరు చెప్పినంక నెల చూసిన, గడియ రాలే. నేనే ఇనుప సామాన్ల దుకాణంల గడియ కొనుక్కొచ్చి, సోమక్క దగ్గర స్క్రూడ్రైవర్ అడుక్కొని బిగించిన. రెండో రోజు కాలేజీ నుంచి వచ్చేసరికి లేదు. మల్ల నాలుగు బొక్కలే. శ్రేయ "నాకేం తెల్వది, నన్ను ఇందుల కలుపకు" అన్నది.

మొన్న ప్రాక్టికల్ తొందరగ అయిపోయి మధ్యాహ్నం రెండింటికే వచ్చిన. తలుపుకు తాళం లేదు. శ్రేయ ఉన్నదనుకొని తోసిన. అరుణన్న నా మంచం మీద కూసున్నడు. నా పెట్టె తెరిచున్నది. నా లోపలి బట్టలు ఆయన ఒళ్లె ఉన్నయ్. ఇంతకంటె రాయలేను.

నన్ను చూసి లేవను సుత లేవలే. "ఫ్యాను పని చేస్తలేదంటే చూద్దామని వచ్చిన" అన్నడు.

"ఫ్యాను పెట్టెల ఉన్నదా?" అన్న నేను.

నవ్విండు. ఆ నవ్వు ఎట్ల చెప్పాలె. లేచి, తలుపు దగ్గరికొచ్చి, నా పక్క నుంచి పోవాలె కాబట్టి పోయినట్టు నన్ను రాసుకుంట పోయి, "మీ నాయిన ఫోన్ నంబరు నా దగ్గరున్నది భాగ్యా. నువ్వు ఎవరి బండి దిగుతున్నవో ఆయనకు చెప్పమంటవా?" అన్నడు.

"నేను ఎవరి బండీ ఎక్కలే."

"అది నాకు తెలుసు, నీకు తెలుసు. మీ నాయినకు తెల్వది కద."

నేను మా భాషల తిట్టిన. ఏం తిట్టిననో నాకే యాది లేదు. మిగితా రూముల తలుపులన్ని దగ్గరికేసి ఉన్నయ్, లోపల మనుషులున్నరు, ఒక్కరు బయటికి రాలే.

ఇంటికి చెప్పద్దని మీరన్నరు, చెప్పలే. మీకే మొదలు రాస్తున్న. సరోజన పెద్దమ్మకు చెప్పండి. ఆయనను ఏదన్న చెయ్యండి. మీరు చెప్తే వింటడు. జల్ది రాయండి టీచరమ్మా, రోజు ఉత్తరాల డబ్బ దగ్గరికి పోయి చూస్త.

భాగ్య

*

భూపాలపల్లి,
18 డిసెంబర్ 2024

భాగ్యా,

నీ ఉత్తరం అందింది.

నువ్వు చూసింది చూసినట్టే రాసినవ్, కాదనను. కాని కొన్నిసార్లు కోపంల ఉన్నదానికంటె ఎక్కువ కనబడ్తది. వాడు నా చేతుల మీద పెరిగినోడు, వాని గుణం నాకు ఎరుక. హాస్టల్ నడిపేటోడు రూముల్లకు రాకుంట ఎట్ల ఉంటడు? చెప్పి రావాలె, అది తప్పే. ఆ మాట గట్టిగ అంట.

యూనివర్సిటీ హాస్టల్ల జాగ వస్తదన్నవ్ కద. ఇంకెన్ని రోజులు. అందాక శ్రేయను విడిచి ఒంటిగ ఉండకు. కాలేజీల పొద్దుపోయేదాక లైబ్రరీల కూసో.

బాపుకు చెప్పకు. నీ చదువు కోసమే అంటున్న.

శశికళ

*

జనగామ,
5 జనవరి 2025

టీచరమ్మా,

ఈ ఉత్తరం పట్నం నుంచి కాదు, జనగామ నుంచి. శ్రీలత ఇంట్ల కూసొని రాస్తున్న. ఏ శ్రీలతనో మీకు తెలుసు.

మీ ఉత్తరం చదివి నేను మెట్ల మీద కూసొని ఏడుస్తుంటే సోమక్క వచ్చింది. "మీ హాస్టల్ పిల్లనే రెండేండ్ల కింద ఇట్లనే ఈ మెట్ల మీదనే ఏడ్సింది" అన్నది. ఎవలు అంటే, "శ్రీలత. నర్సింగు చదివేది. నీ లెక్కనే టీచరమ్మ పంపిందని వచ్చింది. వాళ్ల నాయినొచ్చి కొట్టుకుంట తీసుకపోయిండు" అన్నది.

శ్రీలతక్క నాకంటె రెండేండ్లు పెద్ద. మానుకోట హాస్టల్ల నాకు జడలేసేది. చదువు మీద మనసు లేక మానేసిందని మీరే మాకు చెప్పినరు. "మీరన్న గట్ల చెయ్యకుండ్రి" అన్నరు. నేను నమ్మిన.

సోమక్క దగ్గర నంబరు దొరికింది. బస్సెక్కి వచ్చిన. జనగామ బస్టాండు ముందట జిరాక్సు దుకాణంల పని చేస్తున్నది. నన్ను చూడంగనే గుర్తుపట్టింది. ఎందుకొచ్చినవని అడగలే. "అరుణా?" అన్నది. అంతే.

ఆమె బట్టలు మార్చుకుంటుంటే తన దగ్గరి తాళంచెవితోని తలుపు తీసి లోపలికొచ్చిండు. ఫోన్ల ఫోటో తీసిండు. ఆమె మీకు ఉత్తరం రాసింది, నా లెక్కనే. మొదలు మీకే రాయమని మీరే అన్నరట. మీరు జవాబిచ్చినరు. ఆ జవాబు ఆమె పారెయ్యలే, సర్టిఫికెట్ల ఫైల్ల పెట్టింది. తెచ్చి చూపెట్టింది. నేను నా బ్యాగుల నుంచి మీరు నాకు రాసింది తీసిన. రెండు మంచం మీద పక్కపక్కన పెట్టినం.

"వాడు నా చేతుల మీద పెరిగినోడు, వాని గుణం నాకు ఎరుక."

రెండిట్ల అదే మాట. అక్షరం తేడా లేదు టీచరమ్మా. ఆమెకు సుత "బాపుకు చెప్పకు, నీ చదువు కోసమే" అని రాసినరు.

ఆమె రెండో ఉత్తరం రాసింది, ఫోటో సంగతి, బెదిరింపు సంగతి అంతా విడమరిచి. దానికి మీరు జవాబే ఇయ్యలే. వారం తిరగకముందే వాళ్ల నాయినకు ఫోను పోయింది, మీ పిల్ల ఎవనితోనో తిరుగుతుందని. ఇంటికి చెప్పకుంట మీకే చెప్పుకున్నది కాబట్టి, ఆయన చెవిల మొదలు పడ్డది అరుణ్ మాట. ఇప్పటికి వాళ్ల నాయిన ఆమెతోని మాట్లాడడు. అన్నం పెడ్తే తింటడు, పేరు పెట్టి పిలువడు.

నిన్న మా బాపుకు సుత ఫోను పోయిందట. యాడి ఏడ్సుకుంట చెప్పింది. బాపు నన్ను తిట్టలే, కొట్టలే. "టీచరమ్మను అడుగుత. ఆమె ఏమంటే గదే" అని పొద్దున బండెక్కిండు. ఈ ఉత్తరం కంటె ముందు ఆయనే మీ ఇంటికి వస్తడు. నిజం మీకు తెలుసు. నా సంగతీ తెలుసు, శ్రీలతక్క సంగతీ తెలుసు.

ఆయన అడిగితే ఏం చెప్పినరో నాకు రాయండి.

భాగ్య

*

భూపాలపల్లి,
11 జనవరి 2025

బిడ్డా భాగ్యా,

మీ బాపు వచ్చిండు. నేను రమ్మన్నా లోపలికి రాక అరుగు మీదనే కూసున్నడు. నాకు వినబడదని గట్టిగ అడగాలె, వాడకట్టోళ్లు వింటరని ఆయనకు సిగ్గు. నా చెవి దగ్గరికి వంగి అడిగిండు, "టీచరమ్మా, నా బిడ్డ మంచిదేనా?"

అంతే అడిగిండు.

నేను చెప్పాల్సిన మాటలు నా నోట్లెనే ఉన్నయ్. లోపల సరోజన కూసున్నది. ముందు రోజే చెల్పూర్ నుంచి వచ్చింది, పోతలేదు. నా మొఖమే చూస్తున్నది. నేను అన్న, "నీ పిల్ల మంచిదే చత్రూ. పట్నమే మంచిది కాదు. తీసుకపో, ఒక ఏడాది ఇంటికాడ ఉండనీ."

ఆయన నాకు దండం పెట్టి పోయిండు.

నీకు ఇగ ఏదీ దాచను. శ్రీలత మొదటి ఉత్తరం వచ్చినప్పుడు నేను నమ్మలే. రెండోది వచ్చినప్పుడు నమ్మిన. అరుణ్ ని పిలిపించిన. నా కాళ్లు పట్టుకొని ఏడ్సిండు, అమ్మ మీద ఒట్టేసిండు, ఇగ జన్మల చెయ్యనన్నడు. వానికి గోరుముద్దలు పెట్టిన చెయ్యి ఇది, వాని తల నిమిరింది. శ్రీలతకు ఏమని రాయాలెనో తెలియక రాయలే. ఇయ్యాల రాస్త రేపు రాస్త అనుకుంట ఉన్న, అంతల ఆ పిల్ల ఇంటికి పోయిందని తెలిసింది. ఇగ రాసి ఏం లాభం అనుకున్న.

రెండేండ్లు నాకు నిద్ర సక్కగ లేదు. మారిండా, మారలేదా? ఎవరిని అడగాలె? వాణ్ని అడిగితే మారిన అంటడు. అప్పుడు నీ ఉత్తరం వచ్చింది.

నువ్వు ఓర్చుకునే పిల్లవు కావు. ఏమన్న ఉంటే నువ్వు రాస్తవు. లేకుంటే రాయవు. నీ ఉత్తరాలల్ల ఏం లేకుంటే వాడు మారినట్టే అనుకున్న. అందుకే పంపిన బిడ్డా. నీకు తగిన జాగ అని కాదు. నాకు తెలుసుకోవాలని ఉండె. నువ్వు గడియ లేదని రాసిన రోజే నాకు తెలిసిపోయింది. తెలిసి సుత కుర్చీ అడ్డం పెట్టుకొమ్మన్న.

ఇది రాస్తే నువ్వు నన్ను ఏమనుకుంటవో నాకు తెలుసు. రాయకుంటే ఇంకా పాపం.

శశికళ

*

హైదరాబాద్,
2 ఫిబ్రవరి 2025

శశికళ మేడం గారికి,

మీ ఉత్తరం తిరిగి తిరిగి నాకు చేరింది. చదివిన. ఒక్కసారే చదివిన.

జరిగింది మీకు చెప్పుడు నా ధర్మం కాబట్టి చెప్తున్న.

బాపు భూపాలపల్లి నుంచి సీదా జనగామ వచ్చిండు. ఇంట్లకు వస్తనే "బట్టలు సర్దుకో" అన్నడు. నేను చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టిండు. "టీచరమ్మనే చెప్పింది. టీచరమ్మ అబద్ధం చెప్పది."

శ్రీలతక్క మీ రెండు ఉత్తరాలు తెచ్చి ఆయన ముందట పెట్టింది. మా బాపుకు చదువ రాదు, మీ సంతకం మాత్రం ఎరుక. హాస్టల్ల ఇంటికి పంపే చీటీల మీద ఎనిమిదేండ్లు చూసిండు. వేలు పెట్టి రెండిటి మీద సంతకం చూసుకున్నడు. "ఇది టీచరమ్మ చేతిదే" అన్నడు. "ఇప్పుడు చదువు."

అక్క చదివింది. తనది, నాది. తనకు జరిగింది, నాకు జరిగింది, ఒకటే గొంతుతోని, దుకాణంల లెక్క చెప్పినట్టు చెప్పింది. వాళ్ల నాయిన లోపలి అర్రల ఉన్నడు. ఆయనకూ వినబడుతున్నది.

బాపు తలపాగ తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నడు. ఆయన తలపాగ తియ్యంగ నేను ఇంటి బయట ఎన్నడూ చూడలే. తర్వాత అక్కను అడిగిండు.

"మీ నాయిన నీ మాట నమ్మలేదా బిడ్డా?"

"లేదు కాకా."

"మరి నా బిడ్డ మాట నేనే నమ్మకుంటే పోలీసోళ్లెందుకు నమ్ముతరు?" అని లేచిండు. "నడువుండ్రి."

ముగ్గురం పోయినం. బస్సెక్కేటప్పటికి వెనక నుంచి శ్రీలతక్క నాయిన వచ్చిండు, చెప్పులు సుత లేవు. వచ్చి మా వెనక సీట్ల కూసున్నడు.

పట్నం పోలీస్ స్టేషన్ల ఎస్సై మేడం ఉత్తరాలు తీసుకున్నది. అరుణ్ ను తీసుకపోయిండ్రు. ఆయన ఫోన్ల ఫోటోలు శ్రీలతక్కవే కాదట, ఎనిమిది మందివి ఉన్నయట. శ్రేయది సుత. అందుకే ఆ పిల్ల మాట్లాడలే, నాకిప్పుడు తెలిసింది. హాస్టల్ మూసేసిండ్రు. పిల్లల్ని ఎక్కడోళ్లను అక్కడ సర్దిండ్రు. మా డిపార్ట్‌మెంట్ మేడం తిరిగి మాట్లాడి నాకు యూనివర్సిటీ హాస్టల్ల ఇద్దరి రూముల మూడో మనిషిగ జాగ ఇప్పించింది. బాపు వచ్చి చూసి పోయిండు. తలుపు పదిసార్లు వేసి తీసి, బయట నిలబడి భుజంతోని తోసి చూసిండు. పిల్లలు నవ్విండ్రు. నవ్వనీ అన్న.

ఎస్సై మేడం మిమ్మల్ని పిలుస్తది. శ్రీలతక్క రాసిన రెండో ఉత్తరం, జవాబియ్యనిది, మీ దగ్గర ఉన్నదా, చింపేసినరా? దాంట్ల తారీఖుతోని సహ అంతా ఉన్నది. అది ఉంటే కేసు నిలబడుతదట. మీరే నిర్ణయం చేసుకోండి.

"తెలుసుకోవాలని పంపిన" అన్నరు. తెలుసుకున్నరు. నన్ను మాత్రం అడగలే మేడం. అడిగితే, "భాగ్యా, అక్కడ ఇట్లాంటి అనుమానం ఉన్నది, చూసొస్తవా" అంటే నేను పోయి వచ్చేదాన్నేమో. మీ కోసం పోయేదాన్ని. నేను చూసుకొని పోయేదాన్ని. మీరు నన్ను కండ్లకు గంతలు కట్టి పంపినరు.

బానోతు భాగ్య

*

భూపాలపల్లి,
26 ఫిబ్రవరి 2025

భాగ్యకు,

నేను స్టేషనుకు వచ్చిన, నువ్వు చూసినవ్. ఉత్తరం చింపలే. బీరువల చీరల కింద ఉండె. ఇచ్చిన. అడిగినదానికల్ల చెప్పిన, వినబడకుంటే రాసిమ్మని మల్ల చెప్పిన. ఎప్పుడు తెలిసింది, ఎందుకు ఊకున్న, ఎందుకు పంపిన, అంతా రాసి సంతకం పెట్టిన.

సరోజన ఇగ నా గడప తొక్కదు. "నా కొడుకును జైలుకు తోలిన చెయ్యి" అన్నది. తోలింది నేను కాదని అనలే. మొదటి రోజే నేను నోరిప్పితే వాడు గింత దూరం రాకపోయేటోడేమో. వానికీ నేను మంచి చెయ్యలే.

నాకు ఇగ ఎవ్వరూ లేరు. జాలి పడుమని రాస్తలేను. నువ్వు నాకు మల్ల రాస్తవో రాయవో అడగను.

స్టేషన్ల నువ్వు నా దిక్కు చూసి తల తిప్పుకున్నవ్. శ్రీలత బల్ల మీద కూసున్నది. నాకు కండ్లు సరిగ ఆనలే, ఆ పిల్ల నోరు కదిలినట్టు అనిపించింది. నాకేం వినబడలే. ఆమె నన్ను ఏమన్నది? తిట్టిందా? తిడితే తిట్టిందని రాయి. అది ఒక్కటి తెలిస్తే చాలు.

శశికళ

*

హైదరాబాద్,
9 మార్చి 2025

శశికళ మేడం గారికి,

మీరు ఉత్తరం ఇయ్యబట్టి కేసు గట్టిగున్నదని ఎస్సై మేడం అన్నది. అది మీకు తెలియాలె కాబట్టి రాస్తున్న.

శ్రీలతక్క జూన్ల మల్ల నర్సింగుల చేరుతది. పట్నంల రూము కోసం మొన్న మేమిద్దరం తిరిగినం. ఏడు చూసినం. ఏడో దాంట్ల అత్త, కోడలు ఇద్దరే ఉంటరు, కింద టైలరింగు. మంచిగున్నది. ఈసారి ఎవ్వరి మాట మీద పోలే, మా కండ్లతోనే చూసుకున్నం.

మీరు అడిగినదానికి జవాబు.

ఆమె మిమ్మల్ని తిట్టలే. మీరు లోపలికి రాంగనే శ్రీలతక్క బల్ల మీద నుంచి లేచి నిలబడ్డది. చేతులు కట్టుకొని, "నమస్తే టీచరమ్మా" అన్నది. మానుకోట హాస్టల్ల మీరు గదిల అడుగు పెడితే మేమందరం ఎట్ల లేస్తుంటిమో, అట్లనే. తర్వాత తనకే సిగ్గయింది. "ఎందుకు లేసిననే భాగ్యా, కాళ్లే లేసినయ్" అని బస్టాండు దాక ఏడ్సుకుంట వచ్చింది. రెండేండ్లల్ల అరుణ్ పేరు చెప్పినప్పుడు ఏడ్వని మనిషి, గప్పుడు ఏడ్సింది.

నేను లేవలే. మీరు చూసే ఉంటరు.

బానోతు భాగ్య